సీబీపీ నార్మల్ వచ్చింది.. మరి బీపీ, షుగరు చూపించుకున్నారా?

పర్చూరు మండలంలో 60 ఏళ్లు దాటిన లబ్ధిదారులకు:

సీబీపీ అంటే రక్తకణాల లెక్క. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయో చెబుతుంది. షుగరు, కొవ్వు అందులో తెలియవు. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 వరకు ఉంటే నార్మల్ అంటారు. పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవారిలో అవి ఆ లెక్కలోనే కాస్త ఎక్కువగా ఉంటుంటాయి. అది సూచన మాత్రమే.

ఈ 5 లో ఏ 3 ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు:

• నడుము చుట్టుకొలత: మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80 సెం.మీ., ఆపైన
• బీపీ: 130/85, ఆపైన
• పరగడుపు షుగరు: 100, ఆపైన
• ట్రైగ్లిజరైడ్లు: 150, ఆపైన
• మంచి కొలెస్ట్రాల్: మగవారికి 40, ఆడవారికి 50 కంటే తక్కువ

"మిరప కోతకు పోతున్నా, నాకేం జబ్బు?" అనుకోకండి. దీనికి నొప్పి ఉండదు. వదిలేస్తే షుగరు జబ్బు, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ఏం చేయాలి?

విలేజ్ హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగరు ఉచితంగా చూపించుకోండి. 104 వాహనం వచ్చిన రోజు పరగడుపున వెళ్లి, పాత సీబీపీ కాగితం డాక్టరు గారికి చూపించండి. కొలెస్ట్రాల్ పరీక్ష గురించి అడగండి. హిమోగ్లోబిన్ తక్కువుంటే తప్పక చెప్పండి. రక్తం తక్కువైతే 3 నెలల షుగరు పరీక్ష లెక్క తప్పవచ్చు. వాడుతున్న మందులు సొంతంగా ఆపకండి.