దిమ్మల మీది బండిని నేలకు దించడం



చెరకు, ఎరువు తోలుకోవడానికి పాత ఇరుసులు తెచ్చి, ఊళ్లోనే వెల్డింగు చేయించి నాలుగు చక్రాల ట్రాలీ కట్టించుకొనేవారు మనలో ఉన్నారు. కట్టినన్నాళ్లు బండి దిమ్మల మీద కదలక నిలుస్తుంది. ప్రమాదమంతా దించే రోజునే. పని అయిపోయిందన్న తొందరలో ఒకరు జాకీ వదులుతారు, ఇంకొకరు దిమ్మ లాగుతారు. అప్పుడు అడుగున చెయ్యి ఉంటే చెయ్యి పోతుంది, మనిషి ఉంటే ప్రాణమే పోతుంది.

ఈ పనికి మన విశాఖపట్నంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. 1948 మార్చి 14న ఇక్కడి సింధియా కంపెనీ ఓడల కర్మాగారంలో కట్టిన 'జలఉష' ఓడను నెహ్రూగారు జలప్రవేశం చేయించారు. ఆ కర్మాగారమే 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయినది. ఏటవాలు గట్టు మీద కట్టిన ఓడను దించే పద్ధతి వినండి. కట్టినన్నాళ్లు బరువు దిమ్మల మీద ఉంటుంది. దించేముందు గ్రీజు పూసిన జారుడుదారి మీద చట్రం అమర్చి, ఏటవాలు చెక్కలు దిగగొట్టి, బరువును ఆ చట్రం మీదికి మారుస్తారు. ఆ తరువాతనే దిమ్మలు తీస్తారు. అంటే, కొత్త ఆధారం అందిన తరువాతనే పాత ఆధారం తీయవలెను. మన ట్రాలీకి కూడా ఇదే సూత్రం.

ముందుగా దిమ్మలు చూడండి. ఇటుకలు, రాళ్లు పనికిరావు. ఎందుకంటారా? గట్టి కర్ర నలిగేముందు కిర్రుమని హెచ్చరిస్తుంది. ఇటుక ఒక్కసారిగా పగులుతుంది. కర్ర దిమ్మలను అడ్డం నిలువుగా పేర్చండి. వాన పడితే ఎర్రనేల పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తబడుతుంది. జాకీ కింద మందపాటి పలక వేయండి. జాకీ మీద రాసి ఉన్న టన్నులు బండి బరువుకంటే ఎక్కువ ఉండాలి.

చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించండి. ముందు ఇరుసు అటూ ఇటూ తిరిగేది కనుక, నొగను తిన్నగా ఉంచి తాడుతో కట్టేయండి. పిల్లల్ని, పశువుల్ని దూరంగా పంపండి. మాట చెప్పేవాడు ఒక్కడే ఉండాలి.

ఇక దించే క్రమం. వెనుక ఇరుసుతో మొదలుపెట్టండి, అది తిరగదు. జాకీని ఇరుసుకు ఆనించి, పై దిమ్మ వదులయ్యేంత మాత్రమే లేపండి. ఆ ఒక్క దిమ్మను కర్రతో పక్కకు నెట్టండి. చెయ్యి లోపల పెట్టవద్దు. జాకీని మెల్లగా వదిలి, బరువును కింది దిమ్మ మీదికి రానివ్వండి. తరువాత రెండో వైపు కూడా అంతే. ఒక వైపు ఒక దిమ్మ మందం కంటే ఎక్కువ దిగరాదు. దిమ్మ మరీ మందమైతే, ముందుగా పక్కన పలుచని పలకలు పేర్చి బరువును వాటి మీదికి మార్చండి.

జాకీ లేపడానికీ దించడానికీ గాని, మోయడానికి కాదు. నూనె కారే జాకీ చూస్తూండగానే కుంగిపోతుంది. జాకీ మీద ఉన్న బండి కిందికి, చిన్న పానా పడిపోయినా సరే, దూరవద్దు.

వెనుక చక్రాలు నేలకు ఆనగానే, ఒక్కొక్క చక్రానికి ముందూ వెనుకా అడ్డుచెక్కలు గట్టిగా పెట్టండి. చాలా ట్రాలీలకు బ్రేకు ఉండదు కదా! ఆ తరువాతనే ముందు ఇరుసును ఇదే విధంగా దించండి.

నాలుగు చక్రాలూ నేల మీద నిలిచిన తరువాత నట్లు మరొకసారి పూర్తిగా బిగించండి. అడ్డుచెక్కలు తీసి, ఖాళీ బండిని కొద్ది దూరం లాగి, మళ్లీ నట్లు చూచుకొని, ఆపైన బరువు వేయండి. గ్రామాల్లో పనిచేసే విస్తరణ సిబ్బంది ఈ పద్ధతిని బండి దగ్గరే నిలబడి చేసి చూపితే ఎంతో మేలు.