చావు దాకా ఆగని వార్త
క్యాంపస్ పత్రిక నడిపే దళిత విద్యార్థులకు కొన్ని సూచనలు

దళిత విద్యార్థి పేపర్లలో ఎప్పుడు కనిపిస్తాడు? ర్యాంకు కొట్టినప్పుడు, లేదా చచ్చిపోయినప్పుడు. ఈ రెండిటి మధ్య అతను ఏం తిన్నాడు, ఏ గదిలో పడుకున్నాడు, స్కాలర్‌షిప్ ఎన్ని నెలలు రాలేదు, వైవాలో అతన్నేం అడిగారు అన్నవి వార్తలు కావు. కులం రోజూ పనిచేసేది మాత్రం ఇక్కడే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతే తీసుకుందాం. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కి చెందిన అయిదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టళ్ళ నించి బహిష్కరించారు. 2016 జనవరి మొదట్లో వాళ్ళు సామాన్లు మోసుకుని బయటికొచ్చి, క్యాంపస్‌లోనే ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. తనకి ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, రావాలని చివరి ఉత్తరంలో రాశాడు. ఆ తర్వాత దేశంలోని కెమెరాలన్నీ వెలివాడ ముందు వాలాయి. ఒక పరిశోధక విద్యార్థికి నెల నెలా రావాల్సిన డబ్బు రాకపోవటం మొదటి నెలలోనే వార్త కావాలి. దాన్ని ముందుగా రాయగలిగేది పక్కగదిలో ఉండే విద్యార్థే.

పెద్ద పత్రికలకి ఇది ఎందుకు కనపడదు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. దొరక్క, ఆ సంగతినే 'పయొనీర్' పత్రికలో వ్యాసంగా రాశాడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి వార్తాసంస్థల్లో 121 నాయకత్వ స్థానాలు లెక్కపెడితే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. మెస్సు క్యూలో ఎన్నడూ నిలబడని వాళ్ళకి ఆ క్యూలో వార్త ఎట్లా కనపడుద్ది? అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టిందీ మన గోడు మనమే చెప్పుకోవాల్సి వచ్చిందనే. మన పత్రిక గోడపత్రిక కావచ్చు, నాలుగు పేజీల జిరాక్సు కావచ్చు, ఫోనులో పంపుకునే పీడీఎఫ్ కావచ్చు. పని అదే.

విషయం వేరు, వార్త వేరు

సంపాదకవర్గం కూర్చున్నప్పుడు అందరూ 'వివక్ష', 'స్కాలర్‌షిప్', 'మెస్ సమస్య' అని చెబుతారు. అవి విషయాలు. వాటి మీద ఉపన్యాసం ఇవ్వొచ్చు గానీ వార్త రాయలేం. వార్త కావాలంటే ఆ విషయాన్ని ఒక చోటికి, ఒక కాలానికి, కొందరు మనుషులకి కుదించి, జవాబు దొరికే ప్రశ్నగా మార్చాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదంటారు. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని 2021లో కొత్త పద్ధతి వచ్చింది. ఒక విద్యార్థి దరఖాస్తు కాలేజీ ఆఫీసు నించి సంక్షేమ శాఖకి, అక్కణ్ణించి ఖజానాకి, బ్యాంకుకి పోవాలి. మరి మన క్లాసువాళ్ళ కాగితం ఎక్కడ ఆగింది? అదొక వార్త. ఫీజు బాకీ ఉందని ఎంతమంది ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోయాయి? వాటి కోసం ఇంట్లో ఎవరు అప్పు తెచ్చారు, ఎంత వడ్డీకి? అదింకో వార్త. 'ప్రభుత్వ నిర్లక్ష్యం' అన్న మాట అవసరం లేకుండానే పాఠకుడికి అర్థమవుద్ది.

మెస్సు కూడా అంతే. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో కాలేజీ విద్యార్థుల డైట్ చార్జీని నెలకి 1,500 నించి 2,100 రూపాయలకి పెంచింది. అంటే రోజుకి 70 రూపాయలు. 'అన్నం బాగలేదు' అని రాస్తే వార్డెన్ నవ్వి ఊరుకుంటాడు. వారం రోజులు మూడు పూటలా పళ్ళెంలో పడింది రాసిపెట్టి, గోడకున్న మెనూతో పోల్చి, బజారు ధరలతో లెక్కకట్టి వెయ్యండి. అప్పుడు ఆయన జవాబు చెప్పక తప్పదు.

ఎక్కడ చూడాలి?

ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థొరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. అది అడిగినవి చాలా మామూలు సంగతులు: హాస్టల్లో ఎవరి పక్కన ఎవరుంటున్నారు, మెస్సులో ఎవరితో ఎవరు తింటున్నారు, ఆటల్లో ఎవర్ని చేర్చుకుంటున్నారు, వైవాలో ఎవరికి ఎట్లాంటి ప్రశ్నలు పడుతున్నాయి. పెద్ద సంఘటన కోసం ఎదురుచూడకుండా రోజూ జరిగేదాన్ని వరసపెట్టి అడిగితే కులం బయటపడింది. మనమూ అదే చెయ్యొచ్చు.

ఒకే గైడు దగ్గరి విద్యార్థుల్లో ఎవరి అధ్యాయం ఎన్నాళ్ళకి వెనక్కొచ్చింది? తెలుగు మీడియం నించి వచ్చినవాళ్ళు క్లాసులో ఎన్నిసార్లు నోరు తెరిచారు? అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు, అబ్బాయిలది ఎన్నింటికి? దాంతో లైబ్రరీలో ఎవరికి ఎన్ని గంటలు పోతున్నాయి? ఇవి అమ్మాయిలే అడగాలి, వాళ్ళే రాయాలి. మన మరుగుదొడ్లు కడిగేవాళ్ళు ఏ కులాలవాళ్ళు, కాంట్రాక్టరు ఎంతిస్తున్నాడు, మనం వాళ్ళని ఏమని పిలుస్తున్నాం? ఈ చివరి ప్రశ్న మనక్కూడా తగులుద్ది. తగలనివ్వండి.

రుజువు, రక్షణ

మన వార్తలో ఒక్క అంకె తప్పితే చాలు, మిగతా నిజమంతా అబద్ధమని కొట్టేస్తారు. కాబట్టి తేదీ, సమయం, ఎవరు చెప్పారు అన్నవి నోటుబుక్కులో ఉండాలి. ఒకరి మాట మీదే వార్త నిలబెట్టొద్దు. ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడగండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. యూనివర్సిటీకి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి రుసుం లేదు. 'హాస్టల్ నిధులు ఏమయ్యాయి' అని అడిగితే దాటవేస్తారు. ఫలానా తేదీ నించి ఫలానా తేదీ దాకా కిరాణా బిల్లుల నకళ్ళు అడగండి.

వార్డెన్‌నీ, ప్రొఫెసర్‌నీ కూడా అడిగి, వాళ్ళ జవాబు అచ్చెయ్యండి. జవాబు చెప్పకపోతే ఆ మాటే రాయండి.

అన్నిటికన్నా ముఖ్యం, మనకి చెప్పినవాళ్ళ భద్రత. మార్కులు, ఫెలోషిప్ సంతకం, హాస్టల్ గది అన్నీ అవతలివాళ్ళ చేతుల్లో ఉన్నాయి. పేరు తీసేస్తే సరిపోదు. డిపార్ట్‌మెంట్‌లో ఒక్కతే మాదిగ అమ్మాయి ఉంటే, ఆ డిపార్ట్‌మెంట్ పేరు రాసినా ఆమె పేరు రాసినట్టే. అచ్చుకి ముందు చదివి వినిపించండి. వద్దంటే ఆపెయ్యండి. ఏడెనిమిది మంది అనుభవాలు కలిపి రాస్తే ఒక్కరి మీద కక్ష తీర్చుకోవటం కష్టం.

ఇంకొక మాట. ఒకసారి రాసి వదిలేస్తే అధికారులకి మతిమరుపు బాగా అలవాటు. ఫెలోషిప్ రానివాళ్ళు ఎంతమందో, ఎన్ని నెలలుగా రాలేదో ఒక పట్టీ వేసి, నెల నెలా అదే పేజీలో అచ్చెయ్యండి. అంకె పెరిగితే ఎవరి దగ్గరికి పోవాలో సంఘానికి తెలుస్తుంది. రెండో నెలలోనే తెలిస్తే పక్కగది తలుపు తట్టి, ఎట్లా ఉన్నావురా, తిన్నావా అని అడగొచ్చు.