తలనొప్పే కదా అనుకోవద్దు!

తనదాకా వస్తే గాని తెలియదంటారు పెద్దలు. పదో తరగతి పరీక్షల ముందు మా గదిలోని ఒక అమ్మాయి మాటిమాటికీ తల పట్టుకొని మూలన పడుకునేది. లైటు వేస్తే ఓర్చుకోలేకపోయేది. వాంతి చేసుకునేది. "చదువు ఎగ్గొట్టడానికి నాటకం" అని మేము నవ్వాము. కొందరం దిష్టి కూడా తీశాము. చివరకు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు ఇది మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి అని చెప్పారు. నవ్వినందుకు సిగ్గుపడ్డాము. అప్పటినుంచి మేము తెలుసుకున్న సంగతులు మీ కోసం రాస్తున్నాము.

ఇది ఎలాంటి నొప్పి?

ఎక్కువగా తలకు ఒక పక్క సుత్తితో కొట్టినట్టు వస్తుంది. పిల్లల్లో రెండు పక్కలా రావచ్చు. కొన్ని గంటల నుంచి 3 రోజుల దాకా ఉంటుంది. వికారం పుడుతుంది, వెలుతురు, శబ్దం గిట్టవు. కొందరికి ముందుగా కళ్ళ ఎదుట మెరుపు గీతలు కనిపిస్తాయి. ఇది తరచుగా వంశపారంపర్యంగా వస్తుంది. ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మన పక్క రాష్ట్రమైన కర్ణాటకలో పెద్దవాళ్ళపై చేసి 2015లో ప్రచురించిన సర్వేలో, ఏడాది కాలంలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ నొప్పి వచ్చినట్టు తేలింది. కాబట్టి ఇది నాటకమూ కాదు, దిష్టీ కాదు.

ఎందుకు రేగుతుంది?

ఒక్కొక్కరికి ఒక్కో కారణం. డాక్టరుగారి సలహాతో ఆ అమ్మాయి నోటుపుస్తకంలో నొప్పి వచ్చిన తేదీ, ముందురోజు నిద్ర, తిండి, నీళ్ళు రాసుకుంది. నెల తిరిగేసరికి సంగతి బయటపడింది. రాత్రంతా మేల్కొని చదివి, పొద్దున టిఫిన్ మానేసిన రోజుల్లోనే నొప్పి ఎక్కువ! పైగా బాత్‌రూముల దగ్గర వరుసలో నిలబడాలని మేమంతా నీళ్ళే తక్కువ తాగేవాళ్ళం. కర్నూలు, కడప ఎండలు వేసవిలో 40 డిగ్రీలు దాటుతాయి. ఇక తల ఊరుకుంటుందా? నెలసరి రోజులు, దిగులు, ఘాటు వాసనలు కూడా కొందరికి కారణాలే.

ఏం చేయాలి?

* రోజూ ఒకే వేళకు పడుకొని, ఒకే వేళకు లేవాలి.
* పూట తప్పకుండా తినాలి. సంగటైనా, ఉడికించిన బుడ్డలైనా సరే, కడుపు ఖాళీగా ఉంచరాదు.
* నీళ్ళ సీసా వెంట ఉండాలి. ఎండలో తలకు గుడ్డ కప్పుకోవాలి.
* నొప్పి మొదలుకాగానే చీకటి గదిలో పడుకొని, నుదుటిపై తడిగుడ్డ వేసుకోవాలి. డాక్టరు రాసిన మాత్ర ఆలస్యం చేయకుండా వేసుకోవాలి.
* అంగడిలో అడిగి మాత్రలు మింగరాదు. 16 ఏళ్ళలోపువారు సొంతంగా ఆస్పిరిన్ వాడకూడదు. నెలకు 15 రోజులకు మించి నొప్పి మాత్రలు వాడుతూపోతే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది.

ఎప్పుడు భయపడాలి?

ఒక్కసారిగా ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, కాలుచేయి పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ తగిలిన తర్వాత నొప్పి పెరిగినా వెంటనే వార్డెన్‌కు చెప్పి 108కు ఫోన్ చేయాలి.

ఆ అమ్మాయికి నొప్పి పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. పరీక్షలన్నీ రాసింది. మిత్రులారా! పక్క మంచం వాళ్ళు తలనొప్పి అంటే నవ్వకండి. లైటు ఆర్పి, గ్లాసుడు నీళ్ళివ్వండి. మేము ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇదే.