ఆరడం వేరు, గట్టిపడడం వేరు

హోసూరులో సైకిలు తొక్కుకుంటూ పనికి పోయిన తరంవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. 1980లో ఇక్కడి ఫ్యాక్టరీనుంచి టీవీఎస్ 50 మోపెడ్ బయటికి వచ్చిన తరువాత సైకిలు వెనుకబడింది. ఇప్పుడు వాకిట్లో కారు నిలిచింది. కారుతోపాటు ఒక కొత్త ఖర్చు కూడా వచ్చి చేరింది. దానిపేరు సెరామిక్ కోటింగు. హోసూరులో గాని, కృష్ణగిరిలో గాని కార్లు కడిగే షాపులవైపు ఒకమారు చూడండి. “9 హెచ్ గట్టిదనం”, “గాజువంటి మెరుపు”, “ఏళ్ళ తరబడి గ్యారంటీ” అంటూ బోర్డులు కనబడతాయి. కారును బట్టీ, రకాన్ని బట్టీ కొన్ని వేలు మొదలుకొని ముప్ఫై నలభై వేలదాకా అడుగుతారు. మధ్యతరగతి సంసారికి ఇది చిన్న మొత్తం కాదు. ఇంత సొమ్ము పోసి పూయించుకొనే పూత ఏమిటి, అది ఎట్లా గట్టిపడుతుంది, ఎన్నాళ్ళకు గట్టిపడుతుంది అన్న సంగతి తెలియక, దానిని మొదటి వారంలోనే పాడుచేసికొంటున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. అందుకని ఆ సంగతులు చదువరులకు మనవి చేయదలచినాము.

సెరామిక్ అనగానే మనకు ఆవకాయ పెట్టుకొనే పింగాణీ జాడీ గుర్తుకు వస్తుంది. జాడీ బట్టీలో వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో కాలి గట్టిపడుతుంది. కారుకు పూసేదానికి బట్టీ లేదు. అది చిన్న సీసాలో వచ్చే పలుచని ద్రవం. సులువుగా ఆవిరయ్యే ద్రావకంలో సిలికాన్ కలిగిన అణువులు అందులో కరిగి ఉంటాయి. సిలికాన్ కొత్త వస్తువేమీ కాదు. ఇసుకలోనూ గాజులోనూ ఉండేది అదే. ఆ ద్రవాన్ని రంగుమీద పూస్తే, క్రమంగా అది గాజు జాతికి చెందిన పలుచని పొరగా మారుతుంది.

ఎంత పలుచన అంటే, సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు ఉంటుంది. ఫ్యాక్టరీలో రంగుమీద వేసే క్లియర్ కోటు అనే పారదర్శకమైన వార్నీషు నలభై యాభై మైక్రాన్లు ఉంటుంది. దాని ముందు ఈ పూత పాలమీది మీగడకన్నా పలుచన అన్నమాట.

ఇక గట్టిపడే తీరు చూద్దాము. ఇందులో మూడు దశలున్నాయి.

మొదటి దశ కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. పూయగానే ద్రావకం ఆవిరైపోతుంది. అప్పుడు పూతమీద నీళ్ళపైని నూనెచుక్కలాగ ఇంద్రధనుస్సు రంగులు కనబడతాయి. పనివాడు ఆ సమయం కనిపెట్టి మెత్తని గుడ్డతో అదనంగా ఉన్నదానిని తుడిచివేయాలి. ముందుగా తుడిస్తే పూత గుడ్డకు పోతుంది. ఆలస్యంగా తుడిస్తే మచ్చలుగా గట్టిపడిపోతుంది. ఆ మచ్చలను పాలిషు పట్టి తీయవలసిందే తప్ప నీళ్ళకు పోవు.

రెండవ దశలో గాలిలోని తేమ పని మొదలుపెడుతుంది. సిలికాన్ పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. సీసాలో ఉన్నంతకాలం ఆ చేతులలో కొన్నిటికి తొడుగులు వేసి ఉంటాయి. అందువల్ల అవి ఒకదానినొకటి పట్టుకోలేవు. బయటికి రాగానే గాలిలోని నీటి ఆవిరి ఆ తొడుగులను ఊడదీస్తుంది. కొన్ని రకాలలో తొడుగు ఆల్కహాలుగా, మరికొన్ని రకాలలో అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఖాళీ అయిన చేతులు ఆక్సిజన్‌ను మధ్యన ఉంచుకొని ప్రక్కవాని చేతిని అందుకొంటాయి. ఇట్లా చేయీ చేయీ కలిసి వలలాగ అల్లుకొంటుంది. రసాయన శాస్త్రంలో దీనికి క్రాస్ లింకింగ్ అని పేరు. తొడుగు ఊడదీయడానికి తీసికొన్న నీటిలో కొంత, చేతులు కలిసేటప్పుడు తిరిగి బయటికి వచ్చేయడం ఇందులో ఒక వింత.

మూడవ దశ అన్నిటికంటె నిదానమైనది. పెళ్ళిపందిట్లో బంతి వేసినప్పుడు మొదట వచ్చినవారికి చోటు సులభంగా దొరుకుతుంది. విస్తళ్ళు నిండినకొద్దీ, మిగిలినవారు ఖాళీని వెదుక్కోవడానికి ఆలస్యమవుతుంది. పూతలోనూ అంతే. వల బిగిసేకొద్దీ, ఇంకా జత దొరకని చేతులు కదలలేక కదలలేక ఒకదానినొకటి చేరుకోవాలి. పైపొర ముందుగా బిగుసుకొంటే లోపలికి తేమ చేరడం కూడా మందగిస్తుంది. అందుచేతనే ముట్టుకొంటే అంటుకోని స్థితి గంటలలో వచ్చినా, పూర్తి గట్టిదనం రావడానికి రెండునుంచి నాలుగు వారాలు పడుతుంది. సాధారణంగా మొదటి 24 గంటలు నీటిచుక్క పడకూడదని, మొదటి వారం సబ్బుతో కడగకూడదని తయారీదార్లు వ్రాస్తారు.

ఇల్లు కట్టించినవారికి ఈ మాట కొత్త కాదు. శ్లాబు వేసిన మరునాడే దానిమీద నడవవచ్చు. అయినా రోజుల తరబడి నీళ్ళు పట్టి ఉంచుతాము. సిమెంటు ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షించడం ఇంజనీర్ల ఆనవాయితీ. మన పెద్దలు వాడిన సున్నం గారకు ఇంకా ఓపిక ఎక్కువ. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకొంటూ నెలలు, సంవత్సరాలు పట్టి తిరిగి సున్నపురాయి అవుతుంది. గాలినుంచి తనకు కావలసినదానిని తీసికొని గట్టిపడడంలో కారుమీది పూత సున్నానికి చుట్టమే.

“తేమ కావాలంటున్నారు, మళ్ళీ నీళ్ళు తగలరాదంటున్నారు, ఇదేమిటి?” అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గాలిలోని తేమ అంతటా సమంగా అందుతుంది. నీటిబొట్టు ఒకచోట నిలుస్తుంది. అది ఎండేటప్పుడు అందులోని లవణాలు చిక్కబడి, ఇంకా లేతగా ఉన్న పూతమీద ఉంగరంలాగ గుర్తు వేస్తాయి. మన బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ నీళ్ళే కారుమీద ఎండితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన ఊళ్ళ వాతావరణం. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. శూలగిరి దాటి యాభై కిలోమీటర్లు దిగువకు పోతే కృష్ణగిరి. ఎత్తు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. ఒకే సీసా, ఒకే పనివాడు, ఒకే రోజు అయినా ఈ రెండు ఊళ్ళలో పూత ఒకేలాగ నడవదు. చాలా రకాలకు ఇరవై డిగ్రీలకు అటూఇటూగా ఉండే చల్లని రేకు, మితమైన తేమ అనుకూలం. కృష్ణగిరి వేసవిలో ఎండన నిలిచిన కారు రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. అప్పుడు పూస్తే తుడిచే వ్యవధి లేకుండానే ద్రావకం ఎగిరిపోతుంది. వానకాలపు ముసురులో తేమ మితిమీరి పైపొర తొందరపడి బిగుస్తుంది, చారలు మిగులుతాయి. మార్గశిర పుష్యమాసాలలో హోసూరు చలికి పని మందగిస్తుంది. పైగా వాన లేకపోయినా, ఆరుబయట నిలిపిన కారు తెల్లవారేసరికి మంచుకు తడిసి ఉంటుంది. కాబట్టి కొత్తపూత వేసిన కారు మొదటి రాత్రి కప్పు క్రింద ఉండడం అవసరం.

ఇక్కడి వాహనాల ఫ్యాక్టరీలలో రంగుల విభాగంలో పనిచేసిన మనవారు ఒక మాట అనవచ్చు. “మేము రంగువేసిన రేకును ఓవెన్‌లో పెట్టి అరగంటలో తీస్తాము. దీనికెందుకు వారాలు?” నిజమే. అక్కడ సుమారు 140 డిగ్రీల వేడిలో రంగు పక్వమవుతుంది. కాని అప్పటికి అది వట్టి రేకు. పూర్తయిన కారులో ప్లాస్టిక్కు, రబ్బరు, వైర్లు అన్నీ ఉంటాయి. దానిని ఆ వేడిలో పెట్టలేము. కొన్ని షాపులవారు ఇన్‌ఫ్రారెడ్ దీపాలతో అరవై డిగ్రీల వరకు వేడిచేస్తారు. దానివల్ల మొదటి గంటల పని వేగం పుంజుకొంటుంది. అంతేగాని తరువాతి రోజుల జాగ్రత్త అక్కరలేదని కాదు.

ఇంతవరకు చెప్పినది శాస్త్రం. సంసారంలో ఇది ఎట్లా తగులుతుందో చెప్పడానికి మేము ఎరిగిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. ఇంటిపెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి విరమించుకొన్నవాడు. వచ్చిన పీఎఫ్ సొమ్ములో కొంతతో, జీవితంలో మొదటిసారిగా కారు కొన్నాడు. ఆయుధపూజకు ముందురోజు కోటింగు వేయించాడు. షాపు నడిపే కుర్రవాడు మన తెలుగువాడే. “మామా, మూడు రోజులు ఇక్కడే ఉండనివ్వండి” అని బ్రతిమాలినాడు. “పూజ రేపే గదా నాయనా! కొత్తబండి ఇంట లేకుండా ఆయుధపూజ ఏమిటి?” అని పెద్దాయన అదేరోజు సాయంత్రం బండి తీసికొనిపోయినాడు. మరునాడు బానెట్టుమీద పసుపు, కుంకుమ, గంధం పెట్టారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చల్లారు. పూలదండ వేశారు. అన్నీ ఎండలో ఎండినాయి. వారం తరువాత కడిగితే బొట్లు పెట్టినచోట పసుపు నీడలు, కొబ్బరినీళ్ళు పడినచోట ఉంగరాలు అట్లాగే నిలిచిపోయినవి. గ్యారంటీ కాగితం తీసి చూస్తే, మొదటి వారపు జాగ్రత్తలు పాటించకపోతే బాధ్యత లేదని ఉన్నది. ఆ భాగమంతా పాలిషు పట్టి మళ్ళీ పూయవలసి వచ్చింది. కుర్రవాడు కూలి తీసికొనలేదు, పెద్దాయన సరుకు ఖర్చు పెట్టుకొన్నాడు. ఇద్దరికీ నష్టమే.

ఇందులో తప్పెవరిదని మేము తీర్పు చెప్పబోము. పెద్దాయన భక్తి అబద్ధం కాదు, కుర్రవాని మాటా అబద్ధం కాదు. ఆరినదానిని చూసి గట్టిపడిందనుకోవడమే వచ్చిన చిక్కు. నీళ్ళు ముత్యాలలాగ జారిపోతున్నాయి గదా, ఇంకేమి కావాలి అనుకొంటాము. నీరు జారడం పైపొర గుణం. అది మొదటిరోజునే కనబడుతుంది, మామూలు మైనం రుద్దినా కనబడుతుంది. లోపలి గట్టిదనానికి అది సాక్ష్యం కాదు.

బోర్డుమీది “9 హెచ్” సంగతి కూడా తెలిసికోవాలి. ఇది పెన్సిళ్ళతో చేసే పరీక్ష. 9 హెచ్ అన్నది ఆ వరుసలో చివరి, అన్నిటికన్నా గట్టి పెన్సిలు. దానిని 45 డిగ్రీల కోణంలో బరువుపెట్టి పూతమీద నెట్టినప్పుడు గీత పడకపోతే 9 హెచ్ అంటారు. 1812లో జర్మనీ ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ మోస్ ఏర్పరచిన కొలమానం వేరు. అందులో వజ్రానికి 10, స్ఫటికానికి 7. రెండింటినీ కలిపి, “వజ్రానికి ఒక్క మెట్టు తక్కువ” అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పెన్సిలు ముల్లు బంకమన్నూ గ్రాఫైటూ కలిపి చేసినది. మన కృష్ణగిరి, బర్గూరు ప్రాంతాలు గ్రానైటుకు పేరుపడినవి. ఆ రాతిపొడిలో ఉండే స్ఫటికపు రేణువు ఈ పూతను సులభంగా గీయగలదు. దుమ్ముపట్టిన కారును పొడిగుడ్డతో తుడిస్తే, ఎంత ఖరీదైన కోటింగు అయినా గీతలు పడకుండా కాపాడలేదు. లారీ చక్రంనుంచి ఎగిరివచ్చే రాయిని అసలే ఆపలేదు. ఎండకూ, పక్షిరెట్టకూ, మురికికీ కొంత అడ్డుగా నిలవడం, కడగడం సులభం చేయడం, మెరుపు నిలపడం, ఇవే దాని నిజమైన ప్రయోజనాలు.

కాబట్టి పూయించుకోదలచినవారు షాపువానిని కొన్ని ప్రశ్నలు అడగాలి. మొదటిది, పూతకు ముందు కారును శుభ్రంగా కడిగి, పాత గీతలు పాలిషు పట్టి, జిడ్డు తుడుస్తారా? క్రింద మురికి ఉంటే దానినే పైన మూత వేసినట్లవుతుంది. రెండవది, బండిని ఎన్నాళ్ళు నీడపట్టున ఉంచుకొంటారు? మూడవది, మొదటి కడుగుడు ఎప్పుడు, ఏ సబ్బుతో? నాలుగవది, గ్యారంటీ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు? కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టాలి. దెబ్బతగిలి కొత్తగా రంగు వేయించిన కారు అయితే, ఆ రంగులోని ద్రావకం బయటికి పోవడానికి రంగువేసినవాడు చెప్పినన్ని రోజులు ఆగిన తరువాతనే కోటింగు మాట తలపెట్టాలి. తొందరపడి పైన మూతవేస్తే లోపల చిక్కుకొన్న ఆవిరి రంగునే పాడుచేయవచ్చు.

మొదటి వారంలో వాన తగిలితే భయపడనవసరం లేదు. మెత్తని శుభ్రమైన గుడ్డతో రుద్దకుండా నీరు అద్దివేస్తే చాలు. పక్షిరెట్ట పడితే మాత్రం ఆరేదాకా ఉంచక, తడిగుడ్డతో నానబెట్టి తీసివేయాలి.

పూజ మానుకొమ్మని మేము చెప్పడం లేదు. ఈసారి ఆయుధపూజ తేదీ పంచాంగంలో చూచుకొని, అక్కడినుంచి వెనక్కు కనీసం మూడు వారాలు లెక్కపెట్టి షాపుకు పోవలసిందని మా మనవి. అంత వ్యవధి లేకపోతే ముందు పూజ కానిచ్చి, తరువాత కడిగి పూయించుకోవచ్చు. అప్పటికీ మనసు ఒప్పకపోతే, బానెట్టుమీద కాక నంబరు పలకమీద బొట్టుపెట్టి, చక్రం క్రింద నిమ్మకాయ ఉంచి, కొబ్బరికాయ నాలుగడుగుల దూరాన కొట్టండి.