దత్తమండలము - రాయలసీమ

నల్లమాడ, కదిరి, ధర్మవరము లున్న సీమను పూర్వము దత్తమండలమని ఏల పిలిచిరి? ఈ ప్రశ్నను మేము శ్రోతల ముందుంచుచున్నాము.

దత్తమనగా ఇయ్యబడినది. అత్రి మహర్షికి ఇయ్యబడినవాడగుటచే దత్తాత్రేయుడని పేరు. ఆయన వెంటనుండు నాలుగు కుక్కలు నాలుగు వేదములని పెద్దలందురు. మన సీమనైతే 1800లో నిజాము, తన రక్షణకై యుంచిన సైన్యపు ఖర్చుక్రింద, ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చివేసెను.

1916లో అనంతపురమున వెలసిన కళాశాలకును ఆ పేరే పెట్టిరి. ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరము రామకృష్ణమాచార్యులు, మహానటుడు బళ్లారి రాఘవ పుట్టిన గడ్డకు ఖర్చుక్రింద ఇచ్చిన గుర్తు పేరగుట తగునా? 1928లో నంద్యాల సభయందు, అనంతపురము కళాశాల అధ్యాపకులు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను నామమును సూచించిరి. సభ ఆమోదించెను.

వాన కరవైన నేలయే. పేరు మాత్రము ఒకరు ఇచ్చివేసినది కాదు, మనవారు పెట్టుకొన్నది.