పిక్కకు ధర ఉంది, పండుకు లేదు



చిన్నప్పుడు ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో 'పి ఫర్ పియర్' అని చదువుకున్నాం. తెలుగులో దానిని బేరిపండు అంటారు. చలి ప్రాంతాల పండు కాబట్టి మన తోటల్లో కాయదు. అయితే చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, కొరికితే మోచేతి దాకా రసం కారే పండు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అదే జీడిమామిడి పండు. ఈ హాస్టల్లో చదువుతున్న, చదివి వెళ్లిన ఉద్దానం పిల్లలం మేము దాని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. విజయనగరం వైపు మిత్రులు చాలామంది పప్పు తిన్నారు గానీ పండు చూడలేదని మాకు తెలుసు.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సముద్రం వెంట సాగిన తోటల సీమే ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, పనస, జీడి ఇక్కడి పంటలు. వీటిలో జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చారు. బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి మన వాళ్లకు అంతకు ముందే తెలుసు. కొత్త చెట్టు పిక్క దానిలాగే పొక్కిస్తుంది, పండు మామిడిలా రసం ఇస్తుంది. అందుకే జీడిమామిడి అనే పేరు చక్కగా అతికింది. వృక్షశాస్త్రం ప్రకారం ఈ మూడూ ఒకే కుటుంబం.

ఇందులో ఒక తమాషా ఉంది. మనం పండు అనుకునేది అసలు పండు కాదు. పూకాడ ఉబ్బి అలా తయారవుతుంది. కింద వేలాడే పిక్కే అసలు కాయ. ముందు పిక్క పెరుగుతుంది, తరువాతే పండు ఉబ్బుతుంది. పండు పసుపుగానో ఎర్రగానో ఉంటుంది. విటమిన్ సి నారింజలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువ.

తినడానికి పద్ధతి ఉంది. మార్చి నుంచి మే దాకా పొద్దున్నే తోటకు వెళ్లి, రాత్రి రాలిన పండ్లలో చితకనిది ఏరుకోవాలి. పిక్కను చేతితో మెలితిప్పి తీసేయాలి. పంటితో మాత్రం కొరకరాదు, దాని తొక్కలోని నూనె తగిలితే పెదవులు పొక్కిపోతాయి. పండును కడిగి, అడ్డంగా చక్రాల్లా కోసి, ఉప్పూ కారం అద్దుకుని తినాలి. ఉప్పు లేకుండా తింటే టానిన్ల వల్ల గొంతు గరగరలాడుతుంది. రసం తీసి, ఉడికించిన సగ్గుబియ్యం జావ కలిపి కదపకుండా ఉంచితే వగరు అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. దానికి పంచదార, నిమ్మరసం కలిపితే మంచి షర్బత్. గోవాలో ఈ రసంతోనే ఫెనీ అనే సారా కాస్తారు, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనకు షర్బత్ చాలు! మరక మాత్రం జాగ్రత్త. యూనిఫాం మీద పడితే ఏ సబ్బుకూ పోదు.

ఇంత మంచి పండును తోటల్లో ఎందుకు వదిలేస్తున్నారు? ఒకటి రెండు రోజుల్లోనే అది కుళ్లిపోతుంది. పిక్క బరువుకు పండు బరువు సుమారు ఎనిమిది, పది రెట్లు. అంటే 80 కిలోల పిక్కల బస్తా వెనుక ఆరు నుంచి ఎనిమిది వందల కిలోల పండ్లు నేల మీద ఉంటాయి. ఆవులు తిన్నంత తిని మిగిలినవి మట్టిలో కలిసిపోతాయి. ఊళ్లోనే రసం తీసే చిన్న యూనిట్లు పెడితే బాగుంటుందని మా అభిప్రాయం. ఎందుకంటే పిక్క ధరను మాత్రమే నమ్ముకుంటే కష్టం. పలాస ఫ్యాక్టరీలకు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా వస్తాయి. 2023లో మన రైతులు బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని ఆందోళన చేయవలసి వచ్చింది.

మాలో కొద్దిమందికే సొంత తోటలున్నాయి. ఎక్కువమంది అమ్మలు పిక్కలు ఏరే కూలికో, పలాసలో పిక్కలు కొట్టే పనికో వెళతారు. కాల్చిన పిక్కను గానీ ఆవిరికి ఉడికించిన పిక్కను గానీ పగలగొట్టి, పప్పును వేడికి ఆరబెట్టి, పొట్టు ఒలిచి, గుండ్లు, బద్దలు వేరుచేస్తారు. కొట్లో 'డబ్ల్యూ-320' అని రాసి ఉంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 320కి మించకుండా గుండ్లు తూగుతాయని అర్థం. గుండు విరిగితే ధర తగ్గుతుంది. జీడి నూనెకు నల్లబడిన వేళ్లతోనే అంత సున్నితంగా ఒలుస్తారు. మా పుస్తకాల ఖర్చు చాలావరకు ఆ వేళ్ల నుంచి వచ్చిందే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాతల నాటి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి, జీడి రెండూ ఒకే రాత్రి పోయాయి. తోట పోతే రైతుకే కాదు, ఏరే కూలీకి కూడా వేసవి పని పోతుంది. ఆ తరువాత చాలామంది అంటుమొక్కలు నాటారు. అంటు మూడో ఏటికి కాపు మొదలుపెట్టినా, నిండు కాపుకు ఎనిమిదేళ్లు పైనే పడుతుంది. తుపాను మరుసటి ఏడు నాటినవి ఇప్పుడిప్పుడే ఆ వయసుకు వస్తున్నాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సీతంపేట కొండల మీద కూడా గిరిజన రైతులు జీడి పండిస్తారు. అక్కడి మిత్రులు తమ తోటల సంగతులు వచ్చే సంచికలో రాయాలని కోరుతున్నాం.

మీకోసం పండ్లు తెమ్మని చాలామంది అడుగుతుంటారు. బుట్టలో పెట్టి బస్సెక్కితే హాస్టల్‌కు చేరేసరికి సగం నీరైపోతాయి. కాబట్టి పరీక్షలు అయ్యాక మీరే రండి. పలాసలో దిగి ఆటో ఎక్కితే చాలు. ఉప్పూ కారం పొట్లం మేము తెస్తాం, పాత చొక్కా మీరు వేసుకు రండి.