రెండు కిలోమీటర్లకొక కుదుపు

మా మనుమడు ఇంట్లో కూర్చొని రైలు నడుపుతడు. కంప్యూటర్‌లో. ఐటీఐ చదివిండు, ఎలక్ట్రీషియన్. చిన్నప్పటి నుంచి ఇంజన్ డ్రైవర్ కావాలని ఆశ. రైల్వేలో ఆ పనికి కళ్ల పరీక్ష అన్నిటికన్నా గట్టిది, ఏ-1 అంటరు. కళ్లద్దాలు లేకుండా చూపు పూర్తిగా ఉండాలె, రంగులు తప్పుపోవద్దు. రంగు చుక్కల బొమ్మల్లో దాగిన అంకెలు చదవాలె. మావానికి కొన్ని అంకెలు కనపడలేదు. ఫారం నింపకముందే కంటి డాక్టరు చెప్పేసిండు. ఇప్పుడు ఇక్కడే సోలాపూర్‌లో టవల్ కార్ఖానాలో పనిచేస్తున్నడు. రాత్రి పాళీ లేని రోజు అన్నం తిని డబ్ల్యూఏపీ-4 ఇంజన్ ఎక్కుతడు.

ఆట అంటే వానికి కోపం. సిమ్యులేటర్ అనాలె. 2001లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ట్రైన్ సిమ్యులేటర్ అని ఒకటి తెచ్చింది. దాని రూట్లు, బండ్లు నడిపేటట్టు ఓపెన్ రైల్స్ అనే ప్రోగ్రామును ఇష్టమున్నవాళ్లు కొందరు కలిసి తయారుచేసి ఉచితంగా ఇచ్చిండ్రు. మన దేశపు ఇంజన్లు, పెట్టెలు కూడా చేసి పెట్టినోళ్లున్నరు. కాబట్టి ఖర్చు ప్రోగ్రాముది కాదు. కంప్యూటర్‌ది.

మాది ఏదో ఆఫీసులో వాడి పడేసిన సెకండ్ హ్యాండ్ డబ్బా. నాలుగో తరం ఐ5, నాలుగు జీబీ ర్యాం, పాత రకం తిరిగే హార్డ్ డిస్క్. బండి సాఫీగా పోతూ పోతూ ఉన్నట్టుండి బిగుసుకుంటది. ఒక సెకండో, ఒకటిన్నరో. తర్వాత ఒక్క దూకు దూకి ముందుకు పోతది. ఒకరోజు ఆ బిగుసుకునుడులోనే సిగ్నలు దాటిపోయింది. వాడు రంగు కన్నా దీపం ఏ జాగాలో వెలిగిందో చూసి నడుపుతడు. అన్నిటికన్నా కింది దీపం వెలిగితే ఆగాలె. ఆరోజు కింది దీపమే వెలిగింది, వీడు బ్రేకు మీద చెయ్యి వేసేలోపు బొమ్మ ఆగిపోయి, మళ్ళా కదిలేసరికి సిగ్నలు వెనకాల ఉంది. వాడేమీ మాట్లాడలేదు. మిషన్ బంద్ చేసి పండుకున్నడు.

తెల్లారి దుకాణానికి పోతే గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలె అన్నరు. కార్డు పదిహేను వేలు. దానికి ఈ డబ్బాలో ఉన్న పవర్ సప్లై చాలదు, అదీ మార్చాలె. మా ఇంటామె సంగతి విని పెట్టె తెరిచింది. బీడీలు చుట్టి భిశీ కట్టి దాచిన పైసలు. "వాని ఆశ ఒకటి పోయింది, ఇదన్నా పోనియ్యకు" అన్నది. నేను రెండు రోజులు ఆగుమన్న.

ఎందుకు ఆగుమన్ననంటే, ఆ కుదుపు నాకు ఎక్కడో చూసినట్టనిపించింది.

నేను రింగ్ ఫ్రేం మీద పనిచేసిన మనిషిని. నూలులో ఒకచోట మందం, ఒకచోట సన్నం వస్తే మా జాబరు ముందు మిషన్ తెరిచేవాడు కాదు. ఆ నూలును నల్ల పలక మీద చుట్టి చూసేవాడు. తప్పు ఎక్కడపడితే అక్కడ వస్తుంటే అది వేరే రోగం. లెక్కగా, ఒకే దూరానికొకసారి వస్తుంటే ఆ దూరం కొలవాలె. ముందు రోలరు 25 మిల్లీమీటర్లది అనుకోండి, దాని చుట్టుకొలత దాదాపు 78 మిల్లీమీటర్లు. నూలులో 78 మిల్లీమీటర్లకొకసారి మందం కనిపిస్తే ముందు రోలరే వంగింది. వేరేది విప్పే పని లేదు. కొలత దొంగను పట్టిస్తదనేవాడు.

ఆ రాత్రి నేను చేతి గడియారం పట్టుకొని వాని పక్కన కూర్చున్న. పట్టాలు నేరుగా ఉన్నచోట గంటకు 100 కిలోమీటర్ల మీద పట్టి ఉంచమన్న. కుదుపుకూ కుదుపుకూ నడుమ నిమిషం పద్నాలుగు సెకండ్లు. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే. ఇప్పుడు 50 మీద నడుపు అన్న. రెండున్నర నిమిషాలకు కొంచెం తక్కువ. వేగం సగమైతే సమయం రెండింతలు, అంటే దూరం ఒక్కటే. రెండు కిలోమీటర్లకొక కుదుపు.

మనుమడు నా మొహం చూసిండు. "తాతా, టైలు!" అన్నడు. ఈ సిమ్యులేటర్‌లో భూమిని గళ్లు గళ్లుగా కోసి పెట్టిండ్రంట. ఒక్కో గడి 2,048 మీటర్ల పొడుగు, అంతే వెడల్పు. బండి ఒక గడి దాటంగనే ముందర గళ్ల చెట్లు, ఇండ్లు, స్తంభాలు డిస్క్ నుంచి తీసి పరచాలె. అవి అందేదాకా బండి కాచుకొని ఉంటది.

ఓపెన్ రైల్స్‌లో ఎఫ్5 నొక్కితే సెకండుకు ఎన్ని బొమ్మలు గీస్తున్నదో కనపడుతది. షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కుకుంటూ పోతే లోపలి పని కనపడే పేజీ వస్తది. అందులో నాలుగు ఖాతాలు: రెండర్, అప్‌డేటర్, లోడర్, సౌండ్. ఒక్కోదాని ఎదుట ఎంత శాతం పనిలో ఉందో అంకె. మిల్లులో కార్డింగ్ ఖాతా, స్పిన్నింగ్ ఖాతా ఉన్నట్టే. కుదుపు వచ్చినప్పుడల్లా లోడర్ అంకె ఎగిరింది. బొమ్మలు గీసే రెండర్ ఆ సమయంలో చేతులు కట్టుకొని నిలబడింది. విండోస్ టాస్క్ మేనేజర్ తీస్తే డిస్క్ నూటికి నూరు. ర్యాం కూడా నిండిపోయింది. ర్యాం నిండితే విండోస్ కొంత సామాను డిస్క్ మీద పెట్టి మళ్ళీ తెచ్చుకుంటది, కాబట్టి డిస్క్ మీద రెండు బరువులు. ఇక్కడ పదిహేను వేల కార్డు పెట్టి ఏం లాభం? పత్తి అందక నిలబడ్డ ఫ్రేముకు కొత్త స్పిండిళ్లు వేసినట్టు.

పైసా ఖర్చు లేని పని ముందు చేసినం. మా గల్లీలో ఇంటింటికీ పవర్‌లూం. డబ్బా తెరిస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ చుట్టూ పత్తి పీచు పరుపులా పట్టి ఉంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటది. వైరు పీకేసి, ఇనుప డబ్బాను ముట్టుకొని ఒంట్లో కరెంటు దింపుకొని, మెత్తటి బ్రష్‌తో దులిపినం. మన ఇండ్లల్లో మూడు నెలలకొకసారి ఇది చెయ్యాలె.

తర్వాత 480 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి. అందులో తిరిగే చక్రం ఉండదు, అడిగిన సామాను వెంటనే ఇస్తది. నాలుగు జీబీ ర్యాం ఇంకొకటి. రెండూ కలిపి నాలుగు వేల లోపే అయింది. ర్యాం కొనేటప్పుడు జాగ్రత్త. మాది డీడీఆర్3. డీడీఆర్4 దాని గాడిలో పట్టదు, బలవంతం చేస్తే గాడి విరుగుతది. ఒకే కొలత ముక్కలు రెండు జంటగా వేస్తే మేలు. వేరే కార్డు లేని కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యాంనే వాడుకుంటది కదా. పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదానికి ఎక్కించే ముందు మా బిడ్డ పెండ్లి ఫొటోలు పెన్ డ్రైవ్‌లో వేరే పెట్టించిన. అది నేను మొండికేసి చేయించిన పని.

గడియారం మళ్ళీ పట్టుకున్న. నిమిషం పద్నాలుగు సెకండ్లు. చిన్నగా కన్ను కొట్టినట్టు ఒక అదురు. అంతే. మిల్లులో లెక్కన పాస్ చెయ్యొచ్చు.

పెద్ద స్టేషన్ యార్డులో మాత్రం బొమ్మ ఇంకా బరువుగా కదులుతది. అది ఈ రోగం కాదు. కుదుపు లేదు, యార్డు దాటేదాకా ఒకటే తీరుగా మందం. అక్కడ రెండర్ ఖాతాకే పని ఎక్కువ. చూపు దూరం 2,000 మీటర్ల నుంచి తగ్గించి, నీడలు తీసేసి, వస్తువుల సాంద్రత రెండు మెట్లు దించితే చాలావరకు నయమైంది. ఇంకా కావాలంటే అప్పుడు కార్డు సంగతి. అదీ వేరే వైరు లేకుండా స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచేది, ఈ చిన్న డబ్బాలో పట్టే పొట్టి రకం చూడాలె. వాడు తన జీతం మీద కొనుక్కుంటనన్నడు.

మిగిలిన పైసలు మా ఇంటామె పెట్టెలోకే పోయినయి. ఆ రాత్రి వాడు అదే రూటు పెట్టిండు. అదే సిగ్నలు దగ్గరికొచ్చింది, కింది దీపం వెలిగి ఉంది. నేను అంకెలు చూడలేదు, వాని చెయ్యి చూసిన. బ్రేకు మెల్లగా పడ్డది. సిగ్నలు ముందర, ఇంకో రెండు పెట్టెలు పట్టేంత జాగా ఉంచి బండి నిలబడ్డది. "పచ్చది పడ్డదా తాతా?" అని అడిగిండు కొంచెంసేపటికి. పై దీపం వెలిగిందిరా, పో అన్న.